శాంతి ప్రక్రియల్లో, ఎన్నికల్లో రాజకీయ సలహాదారు ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఉద్యోగం పేరు వినగానే కొందరికి చర్చల బల్ల, జెండాలు, కెమెరాల ముందు కరచాలనాలు గుర్తుకొస్తాయి. మరికొందరికి తెల్ల జీపు, నీలి టోపీ. ఆ దృశ్యాలు అబద్ధమేమీ కావు గానీ, పనిలో ఎక్కువ భాగం ఎవరో ఒకరి గది బయట కుర్చీలో గంటలకొద్దీ కూర్చోవడం, లోపల విన్నదాన్ని ఆ రాత్రికే రెండు పేజీల్లో పెట్టడం. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. కొన్నింటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నింటికి రెండు వాక్యాలు చాలు.

సీనియర్ రాజకీయ సలహాదారు ఎవరికి సలహా ఇస్తారు?

ఐక్యరాజ్యసమితి ఒక దేశానికి మిషన్‌ను పంపిందంటే, దానికి పెద్దగా సెక్రటరీ జనరల్ తరఫున ఒక ప్రత్యేక ప్రతినిధి ఉంటారు. ఆ ప్రతినిధి ఎవరిని ముందు కలవాలి, ఎవరిని తర్వాత కలవాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు పెదవి విప్పకూడదు అన్నది ఆలోచించి చెప్పేది సలహాదారు. ఇదే హోదా ఐరోపా సమాఖ్య ప్రత్యేక ప్రతినిధుల దగ్గర, ఆఫ్రికా సమాఖ్య మిషన్లలో, ఐరోపా భద్రతా సహకార సంస్థలో కూడా ఉంటుంది. బహుళజాతి సేనల అధిపతుల పక్కన కూడా ఒక పౌర సలహాదారు కూర్చుంటారు.

ఐరాసలో ఈ పనులన్నింటికీ కేంద్రం న్యూయార్క్‌లోని రాజకీయ, శాంతి నిర్మాణ వ్యవహారాల విభాగం. 2019 జనవరి 1న రెండు పాత విభాగాలను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. ఎన్నికల సాయం కూడా దీని కిందికే వస్తుంది.

శాంతి పరిరక్షణ, శాంతి నిర్మాణం ఒకటేనా?

కాదు. తుపాకులు పట్టుకున్న రెండు పక్షాల మధ్య నీలి టోపీల సైనికులు నిలబడితే అది పరిరక్షణ. ఆ సైనికులు ఇంటికి వెళ్లిపోయాక కూడా గొడవ మళ్లీ రాకుండా కోర్టు, పోలీసు, ఎన్నికల సంఘం, ఉద్యోగుల జీతాలు మామూలుగా నడిచేలా చూడటం శాంతి నిర్మాణం. ఈ మాటను అంతర్జాతీయ వ్యవహారాల్లో స్థిరపరచింది 1992లో అప్పటి సెక్రటరీ జనరల్ బౌత్రోస్ బౌత్రోస్ ఘాలీ ఇచ్చిన నివేదిక. 2005 డిసెంబరులో దీనికోసం ఒక కమిషన్, మరుసటి ఏడు ఒక నిధి వచ్చాయి.

రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున్నే స్థానిక సహోద్యోగులతో అరగంట. రాత్రి రేడియోలో ఏమన్నారు, ఏ జిల్లాలో బంద్, ఏ నాయకుడు ఎవరింటికి భోజనానికి వెళ్లాడు. నా అభిప్రాయంలో రోజంతటిలో ఇదే అమూల్యమైన అరగంట. బయటి దేశాల నుంచి వచ్చిన మాలాంటివాళ్లం రెండేళ్లుండి వెళ్లిపోతాం. ఆ దేశంలో పుట్టి, మిషన్‌లో పనిచేసే రాజకీయ అధికారులకు ముప్పై ఏళ్ల జ్ఞాపకం ఉంటుంది. వాళ్ల మాట వినని సలహాదారు ఎంత చదివినా దండగే.

తర్వాత సమావేశాలు. ప్రతినిధి మాట్లాడుతుంటే పక్కనో వెనకో కూర్చుని నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఏం చెప్పారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఏ ప్రశ్నకు మంత్రి తన కార్యదర్శి వైపు చూశాడు అన్నదీ అంతే ముఖ్యం. ఒకసారి ఒక ప్రతిపక్ష నాయకుడితో గంటన్నర సమావేశం. ప్రజాస్వామ్యం గురించి, ఓటర్ల జాబితా గురించి అన్నీ పద్ధతిగా మాట్లాడారు. నేను పేజీల కొద్దీ రాసుకున్నాను. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి, చెప్పులు వేసుకుంటున్న నాతో మెల్లగా, "ఓడిపోతే నా అంగరక్షకులను ఉంచుకోనిస్తారా?" అని అడిగారు. ఆ రాత్రి న్యూయార్క్‌కు పంపిన నివేదిక ఆ ఒక్క ప్రశ్నతో మొదలైంది. మిగతా గంటన్నర ఒక పేరాలో సర్దుకుంది.

ఈ నివేదికను కోడ్ కేబుల్ అంటారు. మిషన్ నుంచి ప్రధాన కార్యాలయానికి గోప్యంగా వెళ్లే టపా. సాయంత్రాలన్నీ దాని మీదే పోతాయి. మిగిలిన సమయంలో ప్రకటనలు రాస్తారు. ప్రకటన రాయడం బయటివాళ్లకు నాలుగు ముక్కల పనిగా కనిపిస్తుంది. కానీ ఒక పక్షం చేసిన పనిని "స్వాగతిస్తున్నాం" అన్నామా, "గమనించాం" అన్నామా, "ఆందోళన చెందుతున్నాం" అన్నామా, "ఖండిస్తున్నాం" అన్నామా అని ఆ దేశంలో ప్రతి పార్టీ కార్యాలయంలోనూ భూతద్దం పెట్టి చూస్తారు. నిన్న "తీవ్ర ఆందోళన" అని, ఇవాళ ఉత్త "ఆందోళన" అంటే, మీరు మెత్తబడ్డారని వార్త వచ్చేస్తుంది. ఇక "అన్ని పక్షాలూ సంయమనం పాటించాలి" అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఏ పక్షమూ అది తనకు చెప్పిన మాట అనుకోదు.

ఎన్నికలకు ఎన్నికల నిపుణులు ఉంటారు కదా, రాజకీయ సలహాదారుకు అక్కడేం పని?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఓటర్ల నమోదు, బ్యాలెట్ ముద్రణ, రవాణా, లెక్కింపు నిపుణుల పని. అవన్నీ సజావుగా జరిగి కూడా దేశం మళ్లీ యుద్ధంలోకి వెళ్లవచ్చు. గెలిచినవాళ్లు ఎలాగూ ఫలితాన్ని ఒప్పుకుంటారు. ఓడినవాళ్లు ఎందుకు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే వాళ్లకు మిగిలేదేమిటి అన్నదే సలహాదారు పోలింగ్‌కు ఏడాది ముందు నుంచి ఆలోచించాల్సిన విషయం.

అంగోలా చూడండి. 1992 సెప్టెంబరు 29, 30 తేదీల్లో పోలింగ్. అంతకుముందు పదహారేళ్ల అంతర్యుద్ధం. ఎన్నికలకు ముందే ప్రభుత్వ, తిరుగుబాటు సైన్యాలు రెండింటినీ రద్దు చేసి ఒకే జాతీయ సైన్యంగా కలపాలని శాంతి ఒప్పందంలో ఉంది. అది జరగలేదు. ఐరాస మిషన్‌కు నాయకత్వం వహించిన మార్గరెట్ ఆన్‌స్టీకి ఇచ్చిన మనుషులూ డబ్బూ ఎంత తక్కువంటే, చిన్న డీసీ-3కి సరిపోయే ఇంధనం ఇచ్చి 747 విమానాన్ని నడపమన్నట్టుందని ఆమె వాపోయారు. పోలింగ్ మాత్రం ఆశ్చర్యపోయేంత ప్రశాంతంగా జరిగింది. అధ్యక్షుడు దోస్ శాంతోస్‌కు 49.57 శాతం, తిరుగుబాటు నాయకుడు జోనాస్ సవింబికి 40 శాతం వచ్చాయి. సగం దాటలేదు కాబట్టి రెండో విడత జరగాలి. సవింబి ఫలితాన్ని తోసిపుచ్చాడు. ఆయన సైన్యం ఆయన దగ్గరే ఉంది. గెలిచినవాడికి సర్వమూ, ఓడినవాడికి శూన్యమూ అన్న ఏర్పాటులో, తుపాకులున్న మనిషి ఓటమిని ఎందుకు ఒప్పుకుంటాడు? నెల తిరిగేసరికి రాజధాని లువాండా వీధుల్లోనే యుద్ధం. రెండో విడత ఎప్పటికీ జరగలేదు. 2002లో సవింబి చనిపోయేదాకా ఆ యుద్ధం ఆగలేదు.

మొజాంబిక్‌కు ఆ పాఠం పనికొచ్చింది. 1992 అక్టోబరు 4న ప్రభుత్వానికీ తిరుగుబాటు సంస్థ రెనామోకూ రోమ్‌లో ఒప్పందం కుదిరింది. ఏడాదిలో ఎన్నికలు అనుకున్నారు. అంగోలా సంగతి చూశాక, సైనికులు ఆయుధాలు అప్పగించి ఇళ్లకు వెళ్లేదాకా పోలింగ్ లేదని ఐరాస పట్టుబట్టి 1994 అక్టోబరు దాకా వాయిదా వేయించింది. అంతకంటే ముఖ్యమైన ఏర్పాటు ఇంకొకటి. అడవిలో యుద్ధం చేసిన రెనామో, పట్నంలో పార్టీగా బతకడానికి కార్యాలయాలు, ఇళ్లు, కార్లు కావాలి. దాతల నుంచి కోటి డాలర్లకు పైగా పోగుచేసి, ప్రత్యేక ప్రతినిధి ఆల్డో అయెల్లో ఆధ్వర్యంలో ఆ డబ్బు రెనామోకు అందేలా చూశారు. తిరుగుబాటుదారులకు లంచమిస్తారా అని అప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. నేనైతే శాంతి కోసం పెట్టిన ఖర్చుల్లో అంత చవకైనది తక్కువ అంటాను. పోలింగ్ ముందు రాత్రి రెనామో నాయకుడు ధ్లకామా బహిష్కరిస్తానని అలిగాడు. ఫోన్లు మోగాయి, రాయబారులు పరిగెత్తారు, మర్నాటికల్లా దిగివచ్చాడు. పోలింగ్‌ను మూడో రోజుకు పొడిగించారు. ఆయన ఓడిపోయాడు, అడవికి మాత్రం వెళ్లలేదు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఘర్షణలు వచ్చాయన్నది వేరే కథ.

అయితే ఎన్నికలు ఎంత ఆలస్యమైతే అంత మంచిదా?

అలా సూత్రం కట్టలేం. బోస్నియాలో 1995 డిసెంబరులో యుద్ధాన్ని ముగించిన డేటన్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 1996 సెప్టెంబరు 14న పోలింగ్ పెట్టేశారు. తొమ్మిది నెలల్లో భయాలు ఎక్కడికి పోతాయి? యుద్ధం చేసిన జాతివాద పార్టీలే గెలిచి, ఓట్ల ముద్రతో మళ్లీ కుర్చీల్లో కూర్చున్నాయి. అలాగని వాయిదాల మీద వాయిదాలు వేస్తే తాత్కాలిక ప్రభుత్వాలకు కుర్చీ రుచి మరుగుతుంది. సలహాదారు తేదీ కంటే ముందు చూడాల్సింది పోలింగ్ నాటికి ఎవరి దగ్గర ఎన్ని తుపాకులు ఉంటాయన్నది.

పరిశీలన, సాయం, ధ్రువీకరణ అంటే తేడా ఏమిటి?

సాయం అంటే ఆ దేశపు ఎన్నికల సంఘానికి సాంకేతికంగా, ఆర్థికంగా తోడ్పడటం. సభ్యదేశం అడిగితేనో, భద్రతా మండలి లేదా సర్వప్రతినిధి సభ ఆదేశిస్తేనో తప్ప ఐరాస ఇందులో వేలు పెట్టదు. పరిశీలన అంటే చూసి, రాసి, చెప్పడం. ఐరాస ఇప్పుడు ఆ పని అరుదుగా చేస్తుంది. ఐరోపా సమాఖ్య, ఆఫ్రికా సమాఖ్య, కార్టర్ సెంటర్ లాంటివి చేస్తాయి. వీళ్లంతా పాటించే ప్రమాణాల ప్రకటన మీద 2005 అక్టోబరు 27న న్యూయార్క్‌లో సంతకాలయ్యాయి. పేరున్న పరిశీలక బృందాలు ఇప్పుడు "స్వేచ్ఛగా, న్యాయంగా జరిగాయి" అని ఒక్క ముక్కలో తేల్చవు. ప్రచారంలో ఏం జరిగింది, మీడియా ఎలా ఉంది, లెక్కింపు ఎలా ఉందని విడివిడిగా చెబుతాయి. పత్రికలకు ఇది నచ్చదు, పదం కోసం వేధిస్తూనే ఉంటాయి.

ఇక ఐరాసే ఎన్నికలను స్వయంగా నిర్వహించిన సందర్భాలూ ఉన్నాయి. 1993 మే నెలలో కంబోడియాలో అదే జరిగింది, నమోదైన ఓటర్లలో దాదాపు 90 శాతం మంది వచ్చారు. ఫున్‌సిన్‌పెక్ పార్టీ 58 సీట్లతో ముందు నిలిచింది, 51 సీట్లతో వెనకబడిన పార్టీ చేతిలో సైన్యమూ పోలీసులూ ఉన్నాయి. చివరికి ఒక దేశానికి ఇద్దరు ప్రధానులు. 1997లో ఓడిన పక్షం ప్రధాని హున్ సేన్, గెలిచిన పక్షం ప్రధాని రణరిద్ధ్‌ను బలప్రయోగంతో తోసేశాడు. ఎన్నికలు నిర్వహించినంత మాత్రాన అధికారం చేతులు మారదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ధ్రువీకరణ అన్నింటికంటే బరువైనది. ఫలితం సరైనదేనని ఐరాస ప్రతినిధే ముద్ర వేయాలి. కోట్ దివ్వార్ (ఐవరీ కోస్ట్)లో 2010 నవంబరు 28న అధ్యక్ష ఎన్నికల రెండో విడత జరిగింది. ఎన్నికల సంఘం ప్రతినిధి ఫలితాలు చదవబోతుంటే అధ్యక్షుడి వర్గం మనిషి ఒకడు టీవీ కెమెరాల ముందే కాగితాలు లాక్కుని చించేశాడు. తర్వాత సంఘం అధ్యక్షుడు ఒక హోటల్లో కూర్చుని, ప్రతిపక్ష అభ్యర్థి అలస్సాన్ ఒవతారాకు 54.1 శాతం వచ్చిందని ప్రకటించారు. రాజ్యాంగ మండలి ఉత్తరాది ప్రాంతాల ఓట్లను రద్దు చేసి, అధ్యక్షుడు లోరాన్ బాగ్బోయే 51.45 శాతంతో గెలిచాడంది. ఐరాస ప్రతినిధి చోయ్ యంగ్ జిన్ తన దగ్గరున్న ఫలితాల పత్రాలు చూసి ఒవతారా గెలుపును ధ్రువీకరించారు. లెక్క సరైనదే. కానీ ఒప్పించే బలం కాగితానికి లేదు. దాదాపు మూడు వేలమంది చనిపోయాక, 2011 ఏప్రిల్ 11న బాగ్బోను పట్టుకున్నాక గానీ వివాదం ముగియలేదు.

రిగ్గింగ్ జరిగిందో లేదో మీకు ఎలా తెలుస్తుంది?

పోలింగ్ కేంద్రం దగ్గర పెట్టె ఎత్తుకుపోయిన దృశ్యం ఫోనులో తిరిగితే అందరికీ తెలుస్తుంది. అసలు మోసం అంత మొరటుగా ఉండదు, అది కాగితాల మీద జరుగుతుంది. ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ లెక్కింపు కాగానే ఒక ఫలితాల పత్రం నింపి అధికారులు, పార్టీల ఏజెంట్లు సంతకాలు చేస్తారు. ఆ పత్రాల కాపీలను బల్ల మీద వరుసగా పరచుకుని చూడాలి. కేంద్రానికి వచ్చిన బ్యాలెట్ పత్రాల కంటే పోలైన ఓట్లు ఎక్కువున్నాయా? అన్ని సంతకాలూ ఒకే చేతిరాతలో ఉన్నాయా? ఒక్క చెల్లని ఓటు కూడా లేదా? ఆరువందల మంది ఓటేస్తే ఎవరో ఒకరు తప్పు చేయకుండా ఉంటారా? అంకెలన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగుస్తున్నాయా? పెట్టె తెరిస్తే బ్యాలెట్లకు మడతలు ఉన్నాయా? ఓటరు మడవకుండా పెట్టె సందులో వేయలేడు. మడత లేని బ్యాలెట్ల కట్ట ఉందంటే పెట్టె మూత ఎప్పుడో తీసినట్టే. 2014లో అఫ్గానిస్థాన్ అధ్యక్ష ఎన్నికల వివాదంలో దాదాపు 80 లక్షల ఓట్లను ఇలాగే పెట్టె పెట్టెకూ తనిఖీ చేయాల్సివచ్చింది. చివరికి అష్రఫ్ ఘనీ అధ్యక్షుడు, అబ్దుల్లా అబ్దుల్లా ముఖ్య కార్యనిర్వాహకుడు అని రాజీ కుదిరింది. గెలిచిన పేరు ప్రకటించిన రోజున ఓట్ల అంకెలు మాత్రం చదవలేదు.

మలావీలో 2019 మే ఎన్నికల ఫలితాల పత్రాల మీద వైట్‌నర్ పూసి అంకెలు దిద్దారు. ప్రతిపక్షాలు కోర్టుకు వెళ్లాయి. నెలల తరబడి విచారణ జరిపిన ఐదుగురు జడ్జీలు 2020 ఫిబ్రవరి 3న సైనిక వాహనంలో, తూటాలు తగలని చొక్కాలు వేసుకుని కోర్టుకు వచ్చి ఎన్నికనే రద్దు చేశారు. జూన్ 23న మళ్లీ పోలింగ్ జరిగితే ప్రతిపక్ష నాయకుడు చక్వేరా గెలిచారు. విదేశీ మధ్యవర్తి ఎవరూ చేయలేని పని అది. మంచి సలహాదారు అలాంటి చోట జడ్జీల దారికి అడ్డు తగలకుండా ఉండటమే పెద్ద సాయం.

చిన్న చిన్న సాంకేతిక లోపాలను అంత పట్టించుకోవాలా?

2004 అక్టోబరు 9న అఫ్గానిస్థాన్ తొలి అధ్యక్ష ఎన్నికల్లో, ఓటేసినవాళ్ల వేలికి పూయాల్సిన చెరగని సిరాకు బదులు కొన్నిచోట్ల మామూలు మార్కర్ పెన్నులు వాడారు. గుడ్డతో తుడిస్తే పోయింది. మధ్యాహ్నానికి హమీద్ కర్జాయ్ ప్రత్యర్థులంతా బహిష్కరణ ప్రకటించారు. అప్పుడు సలహాదారుల పనల్లా ఒక్కటే: వీళ్లకు పరువు పోకుండా వెనక్కి రావడానికి దారి చూపడం. విదేశీ నిపుణుల స్వతంత్ర బృందంతో విచారణ జరిపిస్తామని ప్రతిపాదించారు. ఒక్కొక్కరే మెత్తబడ్డారు. సిరా తుడిచినంత తేలిగ్గా కాకపోయినా సంక్షోభమూ తుడిచిపెట్టుకుపోయింది.

ఓడిన నాయకుడు దిగనంటే ఏం చేస్తారు?

కెన్యాలో 2007 డిసెంబరు 27 ఎన్నికల తర్వాత వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పటికే ఐరాస సెక్రటరీ జనరల్ పదవి నుంచి దిగిపోయిన కోఫీ అన్నన్ ఆఫ్రికా సమాఖ్య తరఫున వెళ్లి ఐదు వారాలకు పైగా అక్కడే కూర్చున్నారు. ఇరుపక్షాల బృందాలను రాజధానికి దూరంగా అభయారణ్యంలోని లాడ్జికి తీసుకెళ్లారు. సంకీర్ణ ప్రభుత్వం ఎలా నడుస్తుందో చెప్పడానికి ఒక జర్మన్ నాయకుడిని పిలిపించారు. బృందాలు సాగదీస్తుంటే చర్చలు నిలిపేసి, అధ్యక్షుడు కిబాకీ, ప్రతిపక్ష నాయకుడు ఒడింగా ఇద్దరినే కూర్చోబెట్టారు. 2008 ఫిబ్రవరి 28న సంతకాలయ్యాయి: ఒకరు అధ్యక్షుడు, మరొకరు ప్రధాని. తెరవెనక ముసాయిదాలు రాసిన సలహాదారుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఉండకూడదు కూడా.

గాంబియాది ఇంకో తరహా. 22 ఏళ్లు ఏలిన యాహ్యా జమ్మే 2016 డిసెంబరు 1 ఎన్నికల్లో ఓడి, గెలిచిన అడామా బారోకు ఫోను చేసి అభినందించాడు. వారం తిరిగేసరికి మాట మార్చాడు. మధ్యలో ఏం జరిగింది? ఆయనను విచారించి జైల్లో పెడతామని గెలిచినవాళ్లలో కొందరు బాహాటంగా అన్నారు. జమ్మే మనసు మారడానికి అదొక్కటే కారణమని అనలేం గానీ, అంగరక్షకుల గురించి గుమ్మం దగ్గర అడిగిన మనిషి నాకు ఆ వార్త చదివినప్పుడల్లా గుర్తొస్తాడు. బారో 2017 జనవరి 19న పొరుగు దేశంలోని రాయబార కార్యాలయంలో ప్రమాణం చేయాల్సివచ్చింది. పశ్చిమాఫ్రికా దేశాల సైన్యాలు సరిహద్దు దాటాయి. ఐరాస ప్రతినిధి మహమ్మద్ ఇబ్న్ చంబాస్ ప్రాంతీయ నాయకులతో కలిసి తిరుగుతూనే ఉన్నారు. జనవరి 21న జమ్మే విమానం ఎక్కాడు. ఆయన గౌరవానికీ భద్రతకూ హామీ ఇస్తున్నట్టు ఐరాస, ఆఫ్రికా సమాఖ్య, ప్రాంతీయ కూటమి అదే రోజు ఉమ్మడి ప్రకటన చేశాయి. బాధితుల కుటుంబాలు దాన్ని చదివి ఎంత రగిలిపోయి ఉంటాయో ఊహించగలను. ఒక్క తూటా పేలకుండా అధికారం చేతులు మారడం ఎంత అరుదో కూడా నాకు తెలుసు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచే విద్య నాకింకా పట్టుబడలేదు.

నిష్పాక్షికంగా ఉండటం నిజంగా సాధ్యమా?

ఐరాస చార్టర్ 100వ అధికరణం ప్రకారం సిబ్బంది ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదు, సొంత దేశం నుంచి కూడా. అది సులువైన భాగం. చిక్కంతా మోసం కళ్ల ముందు కనబడుతున్నప్పుడు వస్తుంది. 2009లో అఫ్గాన్ ఎన్నికల తర్వాత మిషన్ అధిపతి కై ఐడె, ఆయన ఉప ప్రతినిధి పీటర్ గాల్‌బ్రెయిత్ మధ్య సరిగ్గా ఈ విషయం మీదే తగువు వచ్చింది. మోసాన్ని బయటపెట్టాలని గాల్‌బ్రెయిత్, స్థానిక సంస్థలే తేల్చాలని ఐడె. సెప్టెంబరులో గాల్‌బ్రెయిత్‌ను తొలగించారు. ఆ తర్వాత ఫిర్యాదుల సంఘం లక్షల ఓట్లను రద్దు చేయడంతో కర్జాయ్ 50 శాతం కిందికి జారారు. ఎవరిది ఒప్పు అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. వాస్తవాల విషయంలో ఉప ప్రతినిధిది, పద్ధతి విషయంలో అధిపతిది అని నా జవాబు. అది రెండు పక్షాలకూ నచ్చదు.

నా సలహా పై అధికారి వినకపోతే?

లిఖితపూర్వకంగా ఒకసారి చెప్పండి, నోటితో ఇంకోసారి చెప్పండి. ఆపై నిర్ణయం ఆయనది, అమలు మీది. పత్రికలకు లీకు చేసే సలహాదారును రెండోసారి ఎవరూ గదిలోకి రానివ్వరు.

ఏం చదవాలి? ఎంత అనుభవం ఉండాలి?

ఐరాసలో ఈ హోదా సాధారణంగా పీ-5 అనే సీనియర్ స్థాయిలో ఉంటుంది. మాస్టర్స్ స్థాయి డిగ్రీ, కనీసం పదేళ్ల అనుభవం అడుగుతారు. రాజనీతి శాస్త్రమే కావాలని లేదు. న్యాయశాస్త్రం, చరిత్ర చదివినవాళ్లు, విలేకరులుగా పనిచేసినవాళ్లు ఈ పనిలో చక్కగా రాణిస్తారు. ముఖ్యంగా విలేకరులు: ఎవరు చెప్పారు, ఆయనకెలా తెలుసు అని అడగడం వాళ్లకు నేర్పనక్కర్లేదు.

కింది మెట్ల నుంచి రావాలంటే మూడు నాలుగు దారులున్నాయి. 32 ఏళ్లు దాటనివాళ్లకు యువ నిపుణుల పరీక్ష ఒకటి ఉంది, కానీ ఆ ఏడు జాబితాలో ఉన్న దేశాల పౌరులకే. కొన్ని ప్రభుత్వాలు తమ ఖర్చుతో జూనియర్ అధికారులను పంపుతాయి. ఐరాస వాలంటీర్ల దారి నాకు అన్నింటికంటే ఇష్టం. కంబోడియాలో జిల్లా జిల్లాకూ వెళ్లి ఓటర్లను నమోదు చేయించింది వందలమంది వాలంటీర్లే. ఎన్నికల పరిశీలక బృందాల్లో నెలల తరబడి జిల్లాల్లో ఉండే దీర్ఘకాల పరిశీలకుడి పని కూడా మంచి బడి. రాజధానిలో కూర్చుని రాసే నివేదికలకూ, జిల్లా ఎన్నికల అధికారి గదిలో కారే కప్పు కింద పేర్చిన బ్యాలెట్ పెట్టెలకూ ఎంత దూరమో అక్కడే తెలుస్తుంది.

ఏ భాషలు రావాలి?

ఇంగ్లీషు ఎలాగూ తప్పదు. ఫ్రెంచి వస్తే ఆఫ్రికాలో సగం తలుపులు తెరుచుకుంటాయి. అరబిక్ వచ్చినవాళ్ల కోసం మిషన్లు వెతుక్కుంటాయి. ఇవేవీ లేకపోయినా, వెళ్లిన దేశపు భాషలో పలకరింపులు, అంకెలు నేర్చుకోండి. ఫలితాల పత్రం చదవాలంటే అంకెలు కావాలి.

జీతం, కుటుంబం, ప్రమాదం సంగతి?

జీతం బాగానే ఉంటుంది, స్కేళ్లు బహిరంగంగానే దొరుకుతాయి. పనిచేసే చోట్లను కష్టాన్ని బట్టి ఏ (A) నుంచి ఈ (E) దాకా వర్గీకరించి, కష్టమైనవాటికి అదనపు భత్యం ఇస్తారు. కానీ అసలు మిషన్లున్న చోట్లలో చాలావాటికి కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. కొన్ని వారాలకోసారి ఊపిరి పీల్చుకోవడానికి సెలవు ఇస్తారు. పిల్లల పుట్టినరోజులు వీడియోలో చూస్తారు. మొదటి ఏడాది అదంతా సాహసంలా ఉంటుంది. ఆరో ఏడాదికి మీరు ఇంటికి వచ్చినప్పుడు చుట్టంలా కనిపిస్తారు. దీన్ని తేలిగ్గా తీసుకుని, కాపురం విడాకులతో ముగిసిన సహోద్యోగులు నాకు చాలామంది తెలుసు.

ప్రమాదం ఊహాజనితం కాదు. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లోని ఐరాస కార్యాలయం మీద జరిగిన బాంబు దాడిలో ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా ద మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. 2009 అక్టోబరు 28న కాబూల్‌లో ఐరాస సిబ్బంది ఉన్న అతిథి గృహం మీద దాడి జరిగింది, మృతుల్లో ఎన్నికల పనికి వచ్చినవాళ్లున్నారు. భద్రతా శిక్షణలో నిద్రపోకండి.

మహిళలకు ఈ రంగం ఎలా ఉంది?

భద్రతా మండలి 1325 తీర్మానం 2000 అక్టోబరు 31న వచ్చింది. శాంతి చర్చల్లో మహిళలకు చోటుండాలని అది చెప్పి పాతికేళ్లు దాటింది. ఫోటోలు చూస్తే ఇప్పటికీ బల్ల చుట్టూ సూట్లే. మిషన్ల లోపల పరిస్థితి కొంత మెరుగు. పైన చెప్పిన ఆన్‌స్టీ శాంతి పరిరక్షక మిషన్‌కు నాయకత్వం వహించిన తొలి మహిళ. ఆచరణలో ఒక మాట: ఊళ్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మహిళా సంఘాలను కలవని సలహాదారుకు సగం సమాచారమే అందుతుంది. తుపాకులు ఎక్కడ దాచారో భర్తలు చెప్పరు.

ఇప్పుడు ఉద్యోగాలు దొరుకుతాయా?

కష్టకాలమే. 2023లో మాలీ ప్రభుత్వం పొమ్మనడంతో అక్కడి పెద్ద మిషన్ మూతపడింది, అదే ఏడు సూడాన్ మిషన్‌ కూడా ముగిసింది. 2025లో అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థను మూసేయడంతో ఎన్నికల సాయం చేసే సంస్థలకు ప్రధాన నిధుల ఊట ఎండిపోయింది. ఐరాస కూడా అదే ఏడు పొదుపు, పునర్వ్యవస్థీకరణ మొదలుపెట్టి పోస్టులు తగ్గిస్తోంది. పదేళ్ల అనుభవమున్నవాళ్లే వరుసలో ఉన్నారు. ఈ పని మీదే ఆధారపడకుండా చేతిలో ఇంకో వృత్తి ఉంచుకోమని ఇప్పుడు అడిగేవాళ్లందరికీ చెబుతున్నాను.

దరఖాస్తుకు ఫీజు కట్టమంటున్నారు, కట్టాలా?

వద్దు. ఐరాస ఏ దశలోనూ డబ్బు అడగదు. అడిగినవాళ్లు మోసగాళ్లు.

పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు తెలియదు. నేపాల్ సంగతి చెబుతాను. 2006 నవంబరు 21న ప్రభుత్వం, మావోయిస్టులు సమగ్ర శాంతి ఒప్పందం చేసుకున్నారు. మావోయిస్టులు ఆయుధాలు అప్పగించబోమన్నారు, అప్పగిస్తే ఓడినట్టు అవుతుందని. సైన్యం అప్పగించాల్సిందేనంది. మధ్యేమార్గంగా దొరికింది ఇనుప కంటైనర్. ఏడు ప్రధాన శిబిరాల్లో ఆయుధాలను నమోదు చేసి, కంటైనర్లలో అరల మీద పేర్చి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే. తలుపు తెరిస్తే సైరన్ మోగుతుంది, కెమెరా చూస్తుంటుంది, పక్కన ఆయుధం లేని ఐరాస పర్యవేక్షకుడు కూర్చుని ఉంటాడు. అంతే సంఖ్యలో సైన్యం కూడా తన ఆయుధాలను అలాగే దాచింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ఆ ఒక్క వాక్యం లేకపోతే మిగతా ఒప్పందం నిలబడేది కాదని నా నమ్మకం.

రాజ్యాంగ సభ ఎన్నికలు రెండుసార్లు వాయిదాపడి 2008 ఏప్రిల్ 10న జరిగాయి. ఎవరూ ఊహించనట్టు మావోయిస్టులే పెద్ద పార్టీగా వచ్చారు. ఏడాది కోసం వెళ్లిన ఐరాస మిషన్ గడువు మీద గడువు పొడిగించుకుంటూ 2011 జనవరి 15 దాకా ఉంది. వెళ్లేనాటికి, తనిఖీలో అర్హులుగా తేలిన 19,602 మంది పోరాట యోధుల్లో ఎక్కువమంది ఇంకా శిబిరాల్లోనే ఉన్నారు. ఆయుధాల పర్యవేక్షణ ఎవరికి అప్పగించాలన్నది ఆఖరి రోజుల్లో తేలింది, నేపాలీ పార్టీల ప్రత్యేక కమిటీకి. ఐరాస పర్యవేక్షకులు సామాను సర్దుకుని విమానం ఎక్కారు. కంటైనర్లు, వాటిలోని తుపాకులు అక్కడే ఉన్నాయి. శిబిరాలు సైన్యం చేతికి వచ్చింది 2012 ఏప్రిల్‌లో. యోధుల్లో ఎక్కువమంది డబ్బు తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు, కొందరు ఒకప్పుడు తాము పోరాడిన సైన్యంలోనే చేరారు. అప్పటికి అక్కడ చూడటానికి మిషన్ లేదు.